రెండు మోపులు ఎక్కువ

పెనుమూరు దాటినాక ఎడమకు చీలే మట్టిదారి,
దాని కొసన గానుగ.
నెల పట్టి ఆరో దినం.
మునిమాపుకే మంచు దిగి
చెరకాకుల మీద కూర్చునింది.
రాత్రికి మాత్రమే ఇచ్చే త్రీఫేజు కరెంటుకు
మోటారు దగ్గి దగ్గి లేచింది.

నేనప్పుడు ఎనిమిదో తరగతి.
సైన్సు అయివారు చెప్పిన మాటను
జోబీలో గోలీ మాదిరి దాచుకోని పోయినా
పొయ్యి కాడి కుప్పమ్మకు చూపించాలని.
"అవ్వా, ఈ రేయి సమచ్చరానికంతా పెద్దది, తెలుసునా?"

ఆమె పిప్పి తోస్తానే ఉండింది.
పొయ్యి నోట్లోకి ఒక చెయ్యి,
నా మాటలోకి ఒక చెవి.
"పెద్దదంటే ఎంత పెద్దది?"
నాకు నిమిషాల లెక్క గుర్తు రాలేదు.
"రెండు మోపులు," అనింది తనే.
"శివరాత్రికంటే రెండు మోపుల పిప్పి
ఎక్కువ తింటాది ఈ రాత్రి పొయ్యి.
మీ అయివారు యా పొయ్యి కాడ కూసున్నాడు?"

తూర్పున గుండ్ల కొండ.
ఎండాకాలం సూర్యుడు దాని ఎడమ భుజం మీద
మేకపిల్ల మాదిరి ఎగిరి దూకుతాడు.
తరవాత ఒక్కో గుండే దాటుకుంటా
కుడికి, ఇంకా కుడికి జరిగి
ఆఖర్న పగిలిన గుండు కాడ నిలబడిపోతాడు.
"మూడు దినాలుగా ఆడ్నే ఉండాడు,
గస తీర్చుకుంటా.
రేపో ఎల్లుండో మళ్ళుకుంటాడు."

"పంచాంగంలో ఇంకా ఇరవై నాలుగు దినాలుండాయి
ఉత్తరాయణానికి!"
పెనం కాడ్నించి దొరసామి మామ అరిచినాడు.
పాకం చూసే మనిషి, అక్షరమొచ్చిన మనిషి.
"భీష్ముడంతటోడే ఆగినాడు, అంపల మీద!"
"ఆయప్పకేం, పడుకోనుండాడు, ఆగతాడు.
చెరుకు తోటలో ఒక్క పూట ఆకు కొట్టమను,
అంపలెట్టుంటాయో తెలుస్తాది."
మోచేతి దాకా సన్నగా చీరుకున్న గీతలు
మంట వెలుగులో చాపింది.
నిన్నటివి కొన్ని,
ముప్పై ఏండ్లవి కొన్ని.

మూడో పెనం పొంగే వేళకు కరెంటు పోయింది.
మోటారు నోరు మూసుకుంటే
చీకటి ఎంత పొడుగో అప్పుడు వినపడింది.
ఎక్కడో కుక్క.
అంతకంటే దూరాన ఇంకో కుక్క.
పెనంలో బుడగలు
ఒక్కొక్కటే గుటక వేస్తా ఉండాయి.

అప్పుడు లేచింది కుప్పమ్మ.
నీళ్ళలో ముంచిన వేళ్ళతో
పెనం అంచున పాకం తీసింది.
దొరసామి మామ ఏమీ అనలేదు,
ఏటా ఈ ఒక్క రాత్రి ఏమీ అనడంట.
ఉఫ్ ఉఫ్ అని అరచేతుల్లో ఉండ చేసి
గట్టు మీది నల్లరాతిపై పెట్టింది
కొండకెదురుగా.
దీపం లేదు, మంత్రం లేదు,
చేతులు కూడా జోడించలేదు, కాలినాయి కదా.
"ఎవురికవ్వా?"
"తిరిగేవోనికి."
"మీయమ్మ నేర్పిందా?"
"నేర్పలేదు. పెడతా ఉంటే చూసినా."

ఇప్పుడు గానుగ లేదు, చెరుకూ లేదు.
మామిడి తోటలు, వాటి నడుమ గుజ్జు ఫ్యాక్టరీ.
డిసెంబరులో అది పొట్ట ఖాళీ చేసుకోని నిద్రపోతాది.
గేటు కాడ నేను మేలుకోనుంటా.
రిజిస్టర్లో ఈ రాత్రికీ పన్నెండు గంటలే,
మే నెల రాత్రికీ పన్నెండు గంటలే.
జీతమూ అంతే.

నిన్న చిత్తూరు మండీలో
అచ్చుబెల్లం కొన్నా, పావు కిలో.
గేటు దిమ్మె మీద పెట్టినా ఒక ముక్క.
సీసీ కెమెరా చూస్తానే ఉండాది.
పొద్దున సూపర్‌వైజరు అడిగితే
చీమల మందని చెప్పాల.

కొండ కనపడదు, గోడౌను అడ్డం.
అయినా కుడి పక్కకే చూస్తా కూర్చున్నా.
నాలుగున్నర. చలికి
ఊపిరి పొగ మాదిరి పోతా ఉండాది.
ఒక చీమ దిమ్మె ఎక్కతా ఎక్కతా
నడిమధ్యలో ఆగింది.

గస కాబోలు.